తిండి యాప్ పొయ్యి దగ్గర మొదలు కావాలి

పట్నంలో పుట్టిన అలవాటు పల్లెకు చేరడానికి ఒకప్పుడు ఒక తరం పట్టేది. ఇప్పుడు ఏడాది చాలు. ఫోను మీద వేలు పెట్టి బిరియానీ తెప్పించుకున్న ముచ్చట అమలాపురం, రావులపాలెం వంటి చోట్ల వింతగా చెప్పుకునే రోజులు దాటిపోయాయి. వీపున పెద్ద సంచీ తగిలించుకుని మోటారు సైకిలు మీద తిరిగే కుర్రవాడెవరో చిన్నపిల్లలకు సైతం తెలుసు. పెద్ద కంపెనీలకు గిట్టుబాటు కాని ఊళ్ళలో తామే ఒక యాప్ పెట్టి టిఫిన్లు, భోజనాలు, కూల్‌డ్రింకులు ఇళ్ళకు చేరుస్తామని చదువుకున్న కుర్రకారు అక్కడక్కడా ముందుకు వస్తున్నారు. ఇది హర్షించదగిన పరిణామం. ఇంజనీరింగు ప్యాసైతే హైదరాబాదు బస్సెక్కడం తప్ప దారి లేదనుకునే బిడ్డలు సొంత సీమలో పని కల్పించుకుంటామంటే కాదనేవారెవరు?

అయితే ఆ యాప్‌ను ఎలా తయారు చేస్తున్నారన్నది ఆ కుర్రవాళ్ళ సొంత వ్యవహారం మాత్రమే అనుకుంటే పొరపాటు. తెర మీద ఏ మీట ఎక్కడ ఉంది, ఏ ప్రశ్న ముందు అడుగుతుంది, ఏ లెక్క చివర చూపుతుంది అన్న చిన్న చిన్న సంగతుల మీదనే ఎవరి పొయ్యి వెలుగుతుందో, ఎవరి పొయ్యి ఆరుతుందో ఆధారపడి ఉంటుంది. కాబట్టి ఊరివారు కూడా దీన్ని పట్టించుకోవాలి.

ఈ వ్యాపారం ఎలా పుట్టిందో ఒకసారి చూడాలి. 2008లో ఢిల్లీలో దీపిందర్ గోయల్, పంకజ్ చడ్డా అనే ఇద్దరు ఉద్యోగులు, తోటివారు మధ్యాహ్నం భోజనం తెప్పించుకోవడానికి మెనూ కార్డుల కోసం ఎగబడటం చూసి ఆ కార్డులను కంప్యూటరులో పెట్టారు. అదే తరువాత జొమాటో అయింది. 2014లో బెంగుళూరులో స్విగ్గీని మొదలుపెట్టిన ముగ్గురిలో శ్రీహర్ష మాజేటి తెలుగువాడే. తినేవాడి చేతిలో ఫోను ఉంది, జేబులో డబ్బు ఉంది, చుట్టూ వందలాది హోటళ్ళు ఉన్నాయి. నగరంలో కథ అక్కడ మొదలయింది గనుక యాప్ కూడా తినేవాడి వైపు నుంచే తయారయింది. అందులో తప్పేమీ లేదు. ఆ నమూనాను ఉన్నదున్నట్టు తెచ్చి గోదావరి లంకల్లో దింపితే మాత్రం చిక్కు వస్తుంది.

అంబాజీపేట పొట్టిక్కల సంగతి తీసుకుందాం. నాలుగు పనసాకులు తెచ్చి, ఈనెపుల్లలు గుచ్చి బుట్టలు కుట్టి, అందులో పిండి పోసి ఆవిరి మీద ఉడికించే ఆ టిఫినుకు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. దాని వెనుక ఉన్న శ్రమ మాత్రం ఎవరికీ కనబడదు. ముందు రోజు సాయంత్రం ఆకులు కోయాలి, రాత్రికి బుట్టలు కుట్టాలి, తెల్లవారకముందే పొయ్యి వెలిగించాలి. ఎన్ని బుట్టలు కుడితే అన్నే పొట్టిక్కలు. అప్పటికప్పుడు మరో వాయి వేద్దామంటే ఆకు బుట్ట దొరకదు. ఎండెక్కేసరికి సరుకు అయిపోతుంది, కొట్టు కట్టేస్తారు.

ఇటువంటి కొట్టు నడిపే ఇల్లాలి చేతికి నగరం నమూనా యాప్ ఇస్తే ఏమవుతుంది? ఆమె రెండు చేతులూ పిండిలో ఉండగా ఫోను మోగుతుంది. కొద్ది సేపట్లో ఒప్పుకున్నట్టు మీట నొక్కకపోతే ఆర్డరు రద్దు. రద్దులు పెరిగితే ఆమె కొట్టు పేరు జాబితాలో కిందికి జారిపోతుంది. సరుకు అయిపోయిందని చెప్పాలంటే నాలుగు తెరలు దాటి, ఇంగ్లీషులో ఉన్న మాట వెతుక్కుని, ఒక్కొక్క పదార్థాన్నీ విడివిడిగా ఆపాలి. ఈలోగా మరో మూడు ఆర్డర్లు పడతాయి. ఎదురుగా ఆకు పట్టుకుని నిలబడ్డ పాత ఖాతాదారుకు పెట్టాలా, ఎన్నడూ చూడని ఫోను ఖాతాదారుకు పార్సిలు కట్టాలా? ఏది చేసినా ఎవరో ఒకరు తిట్టుకుంటారు.

ఇది ఆమె చేతకానితనం కాదు. పెద్ద హోటల్లో ఆర్డరు చూడటానికి ఒకడు, వండటానికి నలుగురు, మూట కట్టడానికి మరొకడు ఉంటారు. వారిని దృష్టిలో పెట్టుకుని చేసిన వస్తువును ఒంటి చేత్తో కొట్టు నడిపే మనిషికి అంటగట్టడమే అసలు తప్పు. నిజానికి ఆమెకు కావలసింది చాలా కొంచెం. పొద్దున్నే ఫోను తెలుగులో నోటితో అడగాలి: ఈవేళ ఎన్ని బుట్టలు? ఆమె నోటితోనే చెప్పాలి: రెండు వందలు, అందులో యాభై ఫోను వారికి. ఆ యాభై అయిపోగానే దుకాణం దానంతటదే మూసుకోవాలి. ఎప్పుడైనా ముందే ఆపదలచుకుంటే తెర నిండా ఒకటే మీట, దాని మీద ‘అయిపోయాయి’ అన్న ఒక్క మాట. పిండి చేత్తో నొక్కినా పలకాలి. కొట్టు వెనుక నిలబడి ఒక్క ఉదయం చూస్తే ఏ ఇంజనీరుకైనా ఈ సంగతి తోస్తుంది. కంప్యూటరు ముందు కూర్చుంటే పదేళ్ళకూ తోచదు.

తెలుగు అంటే ఇంగ్లీషు ముక్కలను తెలుగు లిపిలో రాసి ఊరుకోవడం కాదని కూడా చెప్పాలి. పొట్టిక్కలను తీసుకుపోయి ‘సౌత్ ఇండియన్’ అన్న గదిలో ఇడ్లీ పక్కన పడేసి, ఎక్కడిదో గుండ్రని ఇడ్లీ బొమ్మ అతికిస్తే తెలియనివాడు మోసపోతాడు, తెలిసినవాడు నవ్వుకుంటాడు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరును ఎవరు పడితే వారు వాడుకోరాదన్నది అందులోని సారాంశం. యాప్‌లో ఆ పేరు పెట్టుకున్న ప్రతి పెట్టె ఆత్రేయపురం నుంచే వస్తున్నదా అని చూసే ఏర్పాటు కూడా యాప్ తయారీలో భాగమే.

ఇక దారి సంగతి. కోనసీమలో అన్నిటికంటే పెద్ద చిక్కు ఇక్కడే ఉంది. నగరం యాప్ హోటలు చుట్టూ ఒక గుండ్రని గీత గీస్తుంది. ఐదు కిలోమీటర్లో ఆరు కిలోమీటర్లో, ఆ గీత లోపలివారందరికీ తిండి పంపుతానంటుంది. చదునుగా రోడ్లు పరచిన ఊళ్ళో ఆ లెక్క ఫరవాలేదు. గౌతమి, వశిష్ఠ పాయల నడుమ, మధ్యలో వైనతేయ చీలి, కాలువలు అల్లుకున్న సీమలో గుండ్రని గీత అబద్ధం చెబుతుంది. నరసాపురం, సఖినేటిపల్లి వశిష్ఠకు అటూ ఇటూ ఎదురెదురు ఊళ్ళు. పటంలో చూస్తే ఈ గట్టున చెయ్యి చాపితే ఆ గట్టు అందేట్టుంటుంది. వెళ్ళాలంటే రేవులో పంటు ఎక్కాలి, లేదా దిండి–చించినాడ వంతెన దాకా చుట్టు తిరగాలి. ఆ సంగతి తెలియని యాప్ అక్కడి హోటలు ఆర్డరును ఇక్కడి ఇంటికి ఒప్పుకుని, ఇరవై నిమిషాల్లో చేరుతుందని మాట ఇచ్చేస్తుంది. వేడి వేడి పెసరట్టు రేవులోనే చల్లారిపోతుంది. మాట తప్పినందుకు నింద పడేది పంటు కోసం నిలబడ్డ కుర్రవాడి మీద.

మామూలు రోజుల్లోనే ఇలా ఉంటే వరద రోజుల సంగతి చెప్పనక్కరలేదు. 2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు లంక గ్రామాలు నీటి మధ్య చిక్కుకున్నాయి, రోడ్డు ఉన్న చోట పడవలు తిరిగాయి. ఏ కాజ్‌వే మునిగింది, ఏ గట్టు మీద బండి పోదు అన్నది ఆ ఊరి వారికి గంటలో తెలుస్తుంది. యాప్‌కు ఆ సమాచారం ఎవరు చెబుతారు, చెబితే ఎవరు తీసుకుంటారు? దారి మూసుకుంటే మూసిందని గుర్తు పెట్టే అధికారం ఆ దారిన తిరిగే కుర్రవాడికే ఇవ్వాలి. ఉపగ్రహం నుంచి తీసిన బొమ్మ కంటే అతని మాట ఎక్కువ.

చిరునామా మరో తలనొప్పి. కొబ్బరితోటల నడుమ విడివిడిగా ఉన్న ఇళ్ళకు తలుపు నంబర్లు పేరుకే ఉంటాయి. 1972 ఆగస్టు 15న వచ్చిన పిన్‌కోడు ఉత్తరాన్ని పోస్టాఫీసు దాకా తెస్తుంది. అక్కడి నుంచి ఇంటికి చేర్చేది పోస్టుమాను జ్ఞాపకశక్తి. ఆ జ్ఞాపకశక్తి కొత్తగా చేరిన డెలివరీ కుర్రవాడికి ఎక్కడి నుంచి వస్తుంది? తపాలా శాఖ 2025 మే నెలలో ‘డిజిపిన్’ అనే పద్ధతి తెచ్చింది. దేశాన్నంతటినీ సుమారు నాలుగేసి మీటర్ల గళ్ళుగా విడగొట్టి ఒక్కొక్క గడికి అక్షరాలు, అంకెలు కలిపి 10 గుర్తులు ఇచ్చారు. దీని తయారీలో హైదరాబాదు ఐ.ఐ.టి., ఇస్రోకు చెందిన హైదరాబాదులోని రిమోట్ సెన్సింగ్ సెంటరు పాలుపంచుకున్నాయి. తోట మధ్య ఉన్న ఇంటికీ, చేను గట్టున ఉన్న పాకకూ ఒకేలా గుర్తింపు దక్కడం చిన్న విషయం కాదు. ఇప్పుడు తయారయ్యే యాప్‌లు దీన్ని వాడుకోవాలి. కాని పది గుర్తులను ముసలామె ఫోనులో అప్పజెప్పలేదు. ‘రామాలయం దాటాక లాకుల వైపు తిరిగి, రెండో బోదె దగ్గర పెంకుటిల్లు’ అని ఆమె ఒక్కసారి చెబితే ఆ గొంతే ఇంటి గుర్తుతోపాటు భద్రంగా ఉండాలి. ప్రతిసారీ కొత్త కుర్రవాడికి అదే వినబడాలి. తల్లుల గొంతు కంటే మంచి పటం ఇంతవరకు ఎవరూ గీయలేదు.

మోసేవాడి కోసం ఆలోచించి చేసిన ఏర్పాటు ఎంత కాలం నిలుస్తుందో బొంబాయి డబ్బావాలాలు చూపించారు. 1890లో మహాదు హవాజీ బచ్చే మొదలుపెట్టిన పని అది. పుణె వైపు పల్లెల నుంచి వచ్చిన, పెద్దగా చదువు లేని మనుషులు ఇళ్ళ నుంచి క్యారేజీలు తీసుకుని, లోకల్ రైళ్ళలో వేసి, ఆఫీసుల్లో ఎవరి బల్ల దగ్గరికి వారి డబ్బా చేర్చి, మళ్ళీ ఖాళీ డబ్బా ఇంటికి తెచ్చారు. ఒకప్పుడు రోజుకు 2 లక్షల డబ్బాల దాకా నడిచాయి. వారి సాధనమల్లా మూత మీద రంగుతో వేసిన నాలుగు గుర్తులు: ఏ స్టేషనులో ఎక్కింది, ఏ స్టేషనులో దిగాలి, ఏ మేడ, ఎన్నో అంతస్తు. తినేవాడికి ఆ గుర్తులు అర్థం కానక్కరలేదు, వాటిని చూడనైనా చూడడు. అవి చేతులు మారే మనుషుల కోసం పెట్టినవి. 2003లో బ్రిటన్ యువరాజుగా వచ్చిన చార్లెస్ వారిని వెతుక్కుంటూ వెళ్ళి చూశాడు. ఇంజనీరింగు కుర్రవాళ్ళు కూడా ఒకసారి చూసి వస్తే మంచిది.

కోనసీమలో మరో విశేషం ఉంది. తినేవారు ఒకచోట, డబ్బు కట్టేవారు మరోచోట. బిడ్డలు హైదరాబాదులోనో, అమెరికాలోనో, గల్ఫులోనో ఉంటారు. పెద్దవాళ్ళు ఇంటి దగ్గర ఉంటారు. తల్లికి జ్వరం వచ్చిందని తెలిసి కూతురు అక్కడి నుంచే ఇడ్లీ, సగ్గుబియ్యం జావ తెప్పిద్దామనుకుంటుంది. నగరం యాప్‌లో కట్టినవారే తినేవారు అన్న లెక్క ఉంటుంది గనుక కుర్రవాడు గేటు దగ్గర నిలబడి చేసిన ఫోను అక్కడెక్కడో పనిలో ఉన్న కూతురికి మోగుతుంది. లోపల వరండాలో పడుకున్న తల్లికి కబురు లేదు. ఆమె దగ్గర ఉన్నది మీటల ఫోను. యాప్‌లో కట్టే మనిషి నంబరు వేరు, తినే మనిషి నంబరు వేరు అని రాసుకోవడం ఒక పూట పని. ఆ మీటల ఫోనుకు తెలుగులో ‘మీ అమ్మాయి టిఫిను పంపింది, కుర్రవాడు గుమ్మంలో ఉన్నాడు’ అని పలికించడం మరో పూట పని. డబ్బు మార్గం కూడా ముందే ఆలోచించాలి. 2023 జనవరిలో 10 దేశాల ఫోను నంబర్లతో యూపీఐ వాడుకోవచ్చునని అనుమతించినప్పుడు ఆ జాబితాలో సౌదీ, ఒమాన్, ఖతర్ ఉన్నాయి. ఈ జిల్లా ఆడపడుచులు ఎందరో పనికి వెళ్ళిన కువైట్ లేదు. మీటల ఫోను నుంచే డబ్బు కట్టే యూపీఐ పద్ధతిని రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో ప్రారంభించింది. స్మార్టుఫోను లేనివారిని ఖాతాదారులుగా చూడని యాప్‌కు సగం ఊరు కనబడదు.

ఇప్పుడు బిల్లు. ఒక ప్లేటు 50 రూపాయలనుకుందాం, సరుకు, గ్యాసు, ఆకు ఖర్చులు 38 అనుకుందాం. కొట్టు దగ్గర అమ్మితే ఇల్లాలికి 12 మిగులుతాయి. యాప్ నూటికి 20 వంతున కమీషను పట్టుకుంటే 10 పోయి 2 మిగులుతాయి. రోజంతా పొయ్యి దగ్గర కాగినదానికి రెండు రూపాయలు! తన 50 తనకు రావాలంటే ఆమె యాప్‌లో ధర 62 రూపాయల 50 పైసలు చేయాలి. దాని మీద 5 శాతం జి.ఎస్.టి. కలిస్తే 65 రూపాయలు దాటుతుంది. 2022 జనవరి 1 నుంచి యాప్ ద్వారా అమ్మిన హోటలు తిండి మీద పన్ను యాప్ వారే వసూలు చేసి కట్టాలి. కొట్టు ఎంత చిన్నదైనా, విడిగా దానికి జి.ఎస్.టి. లేకపోయినా, యాప్‌లోకి ఎక్కితే పన్ను పడుతుంది. కొత్తగా యాప్ పెట్టే కుర్రవాళ్ళు తమ వ్యాపారం చిన్నదే కదా అని రిజిస్ట్రేషను ఊసెత్తకుండా ఊరుకుంటే తరువాత నోటీసులు వస్తాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి డెలివరీ చార్జీ మీద కూడా 18 శాతం పడుతున్నది.

కమీషను గొడవ చిన్న కొట్లకే పరిమితం కాదు. పెద్ద యాప్‌ల పద్ధతుల మీద హోటళ్ళ యజమానుల ఫిర్యాదుపై కాంపిటీషన్ కమిషను 2022 ఏప్రిల్‌లో విచారణకు ఆదేశించింది. 2024 అక్టోబరులో ఈ రాష్ట్ర హోటళ్ళ యజమానులే ఒక పెద్ద యాప్‌ను బహిష్కరిస్తామని ప్రకటించే దాకా వెళ్ళారు. సంఘం ఉన్నవారు కాబట్టి అడగగలిగారు. బండి మీద బజ్జీలు వేసుకునేవాడు ఏ సంఘంతో అడుగుతాడు? జిల్లాలో పుట్టే యాప్ అయినా శాతాల లెక్క మానుకుని, ఆర్డరుకు ఇంత అని తేలికైన రుసుము పెట్టుకుంటే ఇద్దరూ బతుకుతారు. గిట్టుబాటు కాదంటారేమో. పేపర్లలో, హోర్డింగుల మీద పోసే ప్రకటనల ఖర్చు ఊళ్ళో అక్కరలేదు. నాలుగు రోజులు సవ్యంగా నడిపితే సంతలో నోటి మాటే ప్రచారం.

కొనేవారికి కూడా ఒక మాట. అడగని వస్తువును బుట్టలో దూర్చడం, ధర ఒకటి చూపి చివరి తెర మీద ప్యాకింగని, ప్లాట్‌ఫారమని, వానని చార్జీలు కలపడం, ‘ఇంకా రెండే నిమిషాలు’ అని లేని తొందర పుట్టించడం — ఇవన్నీ గడుసుతనం కింద చెల్లిపోయే కాలం కాదు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న ఇటువంటి 13 రకాల మాయలను పేరుపేరునా నిషేధించింది. మోసపోయామనుకున్నవారు 1915 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు. యాప్ తయారు చేసేవారు ఆ 13 అంశాల కాగితాన్ని గోడకు అంటించుకుని పని మొదలుపెడితే మొత్తం బిల్లు మొదటి తెర మీదనే కనిపిస్తుంది.

చివరగా సంచీ మోసే కుర్రవాడు. అతను పరాయివాడు కాదు, ఈ ఊళ్ళ బిడ్డే. డిగ్రీ చదివి ఉద్యోగం రాక బండెక్కినవాడు, వ్యవసాయం గిట్టక వచ్చినవాడు. నగరాల్లో నిమిషాల గడియారం అతని మెడ మీద కత్తిలా వేలాడింది. అక్కడ సిగ్నలు దీపాలు, వీధి దీపాలు అయినా ఉంటాయి. ఇక్కడ కాలువ గట్టు మీద ఇరుకు దారి, రెయిలింగు లేని వంతెన, ధాన్యం ఆరబోసిన రోడ్డు, ఎదురుగా కొబ్బరి మట్టల ట్రాక్టరు. ఇక్కడ గడియారం పెట్టి పరుగెత్తిస్తే జరిగేది ఏమిటో ఎవరూ వివరించనక్కరలేదు.

చట్టం కొంత కదిలింది. రాజస్థాన్ 2023లో ఇటువంటి పనివారి కోసం దేశంలో మొదటి చట్టం చేసింది. తెలంగాణ అదే ఏడాది డిసెంబరులో 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించింది. కేంద్రం 2020లో చేసిన సామాజిక భద్రతా కోడు ఐదేళ్ళు మూలన పడి, 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. యాప్ కంపెనీలు తమ ఏడాది టర్నోవరులో 1 నుంచి 2 శాతం వరకు, పనివారికి చెల్లించే మొత్తంలో 5 శాతానికి మించకుండా, వారి సంక్షేమ నిధికి ఇవ్వాలని అందులో ఉంది. ఈ సదుపాయాలు అందుకోవాలంటే కుర్రవాళ్ళు ఈ–శ్రమ్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. ఆధార్ కార్డు, ఫోను పట్టుకుని దగ్గరలోని కామన్ సర్వీసు సెంటరుకు వెళితే పని అవుతుంది.

మిగిలినది యాప్ తయారీదారుల చేతిలో ఉంది. ఈ ఆర్డరుకు ఎన్ని కిలోమీటర్లు, పెట్రోలుకు ఎంత, చేతికి ఎంత అన్నది ఒప్పుకోకముందే కుర్రవాడికి తెలుగులో కనబడాలి. తిరుగు ప్రయాణం కూడా ఆ లెక్కలో కలవాలి. రేవులో పంటు కోసం నిలబడ్డ సమయాన్ని ఆలస్యం కింద రాయరాదు. చీకటి పడ్డాక లంక గట్టు మీదకు బండి పోనివ్వాలా వద్దా అన్నది నడిపేవాడే తేల్చుకోవాలి. అతని తెర మీద ‘ఈ దారిన వెళ్ళను’ అన్న మీట ఒకటి ఉండాలి, అది నొక్కినందుకు అతని రోజు కూలిలో పైసా కోత పడకూడదు.